తలంటు పోసిన చేతులు

తెలుగున ‘అంటు’ అను మాటకు రెండు ముఖములున్నవి. అవి ఒకదానినొకటి చూచుకొనవు. తలకు నూనె రాచి మర్దించుట తలంటు. ముట్టరాని మైలయు అంటే. ఎవరి చేయి ఎవరి మేనిని ఎప్పుడు తాకవచ్చును, ఎప్పుడు తాకరాదు అనెడి విషయమును గూర్చి మన సమాజము శతాబ్దుల తరబడి పడిన తర్జనభర్జన యంతయు ఆ చిన్న మాటలో ఇమిడియున్నది. కనుక తలంటు చరిత్ర వ్రాయబూనినవాడు తైలములను గూర్చియు సుగంధద్రవ్యములను గూర్చియు ఎంత వ్రాసినను, తుదకు ఈ తాకుట యొద్దకే రావలసియుండును. నేను దాని యొద్దకు వచ్చినది ఒకానొక శనివారపు ఉదయమున, ఆత్రేయపురములో, ఒక పెంకుటింటి పెరటి అరుగు మీద.

గోదావరి పాయలైన గౌతమీ వసిష్ఠల నడుమ, బొబ్బర్లంక లాకులకు దిగువన, మధ్య డెల్టాకు శిరోభాగమున వెలసిన ఈ గ్రామము పేరు చెప్పగానే లోకమునకు పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను దానిపై ఒక్క విసురున లాగి, రెప్పపాటులో ఆ పొరను చిరుగకుండ ఒలిచి తీయు స్త్రీల చేతులను చూచుటకే నేను ఆ ఊరు వెళ్లితిని. కాని ఆ ఉదయము నేను చూచిన చేతులు వేరొక పనిలో ఉన్నవి. డెబ్బది దాటిన ఒక తల్లి, నలువది దాటిన తన కుమారునకు తలంటు పోయుచున్నది. అతనికి మాటలు పది పదిహేనుకు మించి రాలేదు. ఊరివారు వెర్రిబాగులవాడనిరి, ఆమె చిన్నోడనినది. గోరువెచ్చని వంటాముదము గల గిన్నెను ఆమె ముందుగా అతని ముక్కు యొద్దకు తీసికొనిపోయి, అతడు రెండుమార్లు వాసన పీల్చి పీట మీద కూర్చున్న పిమ్మటనే తలపై చేయి వేసినది. అట్లేల చేసితివని అడుగగా ఆమె చెప్పిన సమాధానమును ఆమె మాటలలోనే చెప్పుట న్యాయము.

“వాడికి వారాలు తెలీవండి. వాసన తెలుసండి. వాసన చూపించకుండా చెయ్యేశానా, ఇల్లు పీకి పందిరేస్తాడండి.”

మందబుద్ధులైన వారికి సుగంధతైలములతో మర్దనము చేయుటను గూర్చి ఇంగ్లండులో 1991లో ఒక గ్రంథము వెలువడినది. అందలి బోధనలో తొలిపాఠము ఇంచుమించుగా ఇదియే. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమె సంగతి ఆ గ్రంథకర్త్రులకును తెలియదు. ఈ రెండు తెలియమిల నడుమనున్న దారి ఎంత పొడవైనదో చూడవలెనని నాకు బుద్ధి పుట్టినది.

దారి ఈ ఊరి పేరుతోనే మొదలగుచున్నది. గోదావరి ఏడు పాయలై ఏడుగురు ఋషుల పేర సముద్రమును చేరుచున్నదని గౌతమీతీరవాసులు చెప్పుకొందురు. ఆ ఏడింటిలో ఆత్రేయ యొకటి. వైద్యశాస్త్రమునను ఒక ఆత్రేయుడు కలడు. పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునకు బోధించినదే చరకసంహితకు మూలము. పాయకు పేరిచ్చిన ఆత్రేయుడును వైద్యము చెప్పిన ఆత్రేయుడును ఒక్కరేయని వాదించు సాహసము నాకు లేదు. అయినను ఆ ఊరి అరుగు మీద కూర్చున్నవానికి చరకుని సూత్రస్థానములోని ఐదవ అధ్యాయము గుర్తు రాకుండుట కష్టము. తైలము పట్టిన కుండయు, తైలము పట్టిన తోలును, కందెన వేసిన బండి ఇరుసును ఏ విధముగా ఒత్తిడికి తాళునో, అభ్యంగనము చేసికొనిన దేహము ఆ విధముగా శ్రమకు తాళునని అందు చెప్పబడినది. అంతకంటె నన్నాకర్షించినది దాని వెనువెంటనే వచ్చు వాక్యము: స్పర్శేంద్రియమున వాయువునకు ఆధిక్యము కలదనియు, ఆ స్పర్శ చర్మమును ఆశ్రయించియున్నదనియు, కావున అభ్యంగనము చర్మమునకు పరమహితమనియు ఆ సంహిత తలపోసినది. వాగ్భటుడు అష్టాంగహృదయములో ప్రతిదినమును అభ్యంగనము చేసికొనుమనుచు, శిరస్సునకును చెవులకును పాదములకును విశేషముగా చేయుమని విధించి, కఫము ప్రకోపించినవారును అజీర్ణముతో బాధపడువారును మానవలెనని హెచ్చరించినాడు. నూనె ఎవరికి పనికిరాదో కూడ చెప్పుట ఆ శాస్త్రమునకు గల నిజాయితీ. అయితే మర్దించువారు ఎవరు, మర్దింపబడువాడు వలదన్నచో ఏమి చేయవలెను అన్న ప్రశ్నను మాత్రము ఆ పెద్దలు వేసికొన్నట్లు కనబడదు.

సుగంధముల కథ వేరు. అది ధనికుల కథ. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో సుంకము చెల్లింపవలసిన సరకుల పట్టికలో చందనము, కర్పూరము, పన్నీరు, కర్పూరతైలము పేర్కొనబడినవి. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు ద్వీపాంతరముల నుండి పరిమళద్రవ్యములను తెప్పించిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినాడు. ఆ శ్రీనాథుడే తరువాత రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల ఆస్థానమునకు చేరినాడు. గోదావరి గట్టున కస్తూరియు కర్పూరమును గుబాళించిన దినములవి. కాని అవి ఆత్రేయపురము వంటి పల్లెలోని పెరటి దాక వచ్చినవని తలంచుట అమాయకత్వము. చందనపు వాసన ఇచ్చటి సామాన్యునకు దేవుని మీదుగానే తెలియును. ఈ మండలములోనే గౌతమి ఒడ్డున గల వాడపల్లి వేంకటేశ్వరస్వామి రక్తచందనపు మ్రానులో వెలసెనని స్థలపురాణము. ఏడు శనివారములు వరుసగా దర్శించిన కోరిక నెరవేరునని భక్తుల నమ్మిక.

పెరటిలోనికి వచ్చినవి గానుగనూనెయు వంటాముదమును. నువ్వులనెయ్యి యనునదే నూనె యైనది గనుక మన భాషకు తొలుత తెలిసినది నువ్వుల గానుగయే. కొబ్బరితోటల సీమ అగుటచేత ఇచ్చట కొబ్బరినూనె దానికి తోడైనది. గానుగ త్రిప్పినవారు తెలికలవారు. వంటాముదము మాత్రము ఇంటి ఆడవారి పని. ఆముదపు గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేరిన చిక్కని జిడ్డును గరిటెతో తీసి మరల కాచినచో వచ్చెడి ఆ ముదురు రంగు తైలమునకు కొంచెము మాడువాసన వంటి, కొంచెము తడిమన్ను వాసన వంటి ఒక గంధము కలదు. దానిని సుగంధమనువాడు అరుదు. కాని ఎరిగినవాడు మరువడు. సున్నిపిండిలోనికి పెసలు, బియ్యము, పసుపు, కచ్చూరాలు, బావంచాలు, ఒక్కొక్క ఇంట వట్టివేళ్లు, ఎండిన గులాబీరేకులు, తలకు కుంకుడురసము, తడి ఆరుటకు సాంబ్రాణి. ఆడవారికి శుక్రవారము, మగవారికి శనివారము. దీపావళినాటి తెల్లవారుజామునకును భోగినాటి తెల్లవారుజామునకును పెట్టెడు తలంటులు వేరు. పంచాంగము చదువుకొనలేనివానికి ఈ వాసనల వరుసయే పంచాంగమైనచో ఆశ్చర్యమేమి?

ఈ ఆచారము పరిపూర్ణముగా వికసించినది పసిబిడ్డ విషయముననే. అమ్మమ్మయో, నీళ్లు పోయుటలో చేయితిరిగిన ఒక ముసలమ్మయో పీట మీద కూర్చుండి, రెండు కాళ్లను ముందుకు చాచి, ఆ కాళ్ల నడుమ ఏర్పడిన ఒడిదుడుకులేని లోయలో బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, మాడున చారెడు ఆముదమును అద్ది, రొమ్ము మీదినుండి ప్రక్కలకు, ప్రక్కలనుండి తొడలకు, తొడలనుండి అరికాళ్లకు చేతులను నడిపించి, కుడిచేతిని ఎడమకాలితోను ఎడమచేతిని కుడికాలితోను కలిపి మడిచి చాచి, ఇంతసేపును ఏదో ఒకటి మాటాడుచునే యుండును. ఆ మాటలకు అర్థముండనక్కరలేదు. లయ యుండిన చాలును. ఏడ్పు వినబడినంతనే చేయి వేగము తగ్గును. నవ్వు వినబడినచో అక్కడనే మరి రెండుమార్లు తిరుగును. పిమ్మట వేడినీళ్లు, సాంబ్రాణి, చుక్క, నిద్ర. ఫ్రెంచి ప్రసూతివైద్యుడు ఫ్రెడరిక్ లెబోయే కలకత్తాలో ఇట్లే కాళ్లమీద బిడ్డను పెట్టుకొని నూనె రాచుచున్న ఒక తల్లిని చూచి, ముగ్ధుడై, ఆమె పేరనే ‘శాంతల’ యను గ్రంథమును 1976లో వెలువరింపగా, శిశుమర్దనము ఐరోపాలో ఒక విద్యయై కూర్చున్నది. అమెరికాలో టిఫనీ ఫీల్డు బృందము 1986లో, నెలలు నిండక పుట్టిన శిశువులను క్రమముగా మర్దింపగా వారు, అట్లు మర్దింపబడని వారికంటె 47 శాతము అధికముగా బరువు పెరిగిరని ప్రకటించినది. మన ముసలమ్మలకు శాతములతో పని లేదు. అయినను వారు చేసినదంతయు మంచిదేయని పొగడుట నాకు ఇష్టము లేదు. బిడ్డ ముక్కులో నూనెచుక్క వేసి ఊదెడి అలవాటు వలన ఆ నూనె ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా తెచ్చుట దక్షిణదేశపు వైద్యులు పలుమారులు చూచిన అనర్థము.

బిడ్డ ఎదిగిన కొలది ఆ చేయి వెనుకకు తగ్గును. నిత్యము పోసిన నీళ్లు వారమునకు ఒకసారియై, వారము పండుగయై, పండుగ కూడ తన నూనె తానే రాచుకొనెడి స్వావలంబనమై ముగియును. ఎదిగిన దేహమును మరల ఇతరులు తాకుటకు మన ఆచారము కొన్ని ద్వారములనే తెరచియుంచినది: పెండ్లినాటి నలుగు, పురిటిస్నానము, రోగము, వార్ధకము. వీనికి తోడు మంగలి చేయి కలదు. క్షౌరముతో పాటు తలమర్దనమును, చిన్నచిన్న శస్త్రవైద్యమును చేసినవారు నాయీబ్రాహ్మణులు. పురుడు పోసిన మంత్రసానులు పెక్కుచోట్ల వారి యిండ్లలోని స్త్రీలే. ఊరిలో ప్రతి దేహమును తాకినవారిని ఊరు మాత్రము తనతో సమముగా అంటనీయలేదు. అంటు అను మాట రెండు ముఖములు ఒకదానినొకటి చూచుకొనవని మొదట చెప్పినది ఇందులకే.

ఇక బుద్ధి యెదగనివాని సంగతి. దేహము వయసుననుసరించి అతని నుండి తల్లిచేయి తొలగిపోవును, పెండ్లి లేదు గనుక నలుగు లేదు, పురుడు లేదు, వార్ధకము దాక బ్రదుకుటయు నాడు అరుదు. తెరచియున్న ద్వారములలో ఒక్కటియు అతని ముందు లేదు. అటుపిమ్మట అతనిని తాకునది రెండు పనులకే: కడుగుటకును, కట్టివేయుటకును. శాసనము అతనిని ఇంకను దూరము నెట్టినది. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టము జడుని ఉన్మత్తునితో చేర్చి ఒకే నిర్వచనములో కట్టివేయగా, ఆ ముడి 1987 నాటి మానసికారోగ్య చట్టముతో గాని విడలేదు. 1995 నాటి వికలాంగుల చట్టము బుద్ధిమాంద్యమును వేరొక వైకల్యముగా గుర్తించినది. 2016 నాటి చట్టము ఇరువదియొక్క వైకల్యములను లెక్కించినది. వెర్రిబాగులవాడు, మందబుద్ధి, మానసిక వికలాంగుడు, విభిన్న ప్రతిభావంతుడు అని పేరు మారినన్నిమారులు అతని దినచర్య మారినదా యని ఆ తల్లిని అడిగినచో ఆమె నవ్వును.

పడమటి కథ చిత్రముగా నడచినది. లియాన్ నగరములో సుగంధద్రవ్యముల రసాయనికుడైన రనే మోరిస్ గాట్ఫోసే చేతులు 1910లో ప్రయోగశాలలో జరిగిన ప్రేలుడులో కాలినవి. ఆ పుండ్లు కుళ్లుటకారంభింపగా లావెండరు తైలముతో కడిగి మేలుపొందితినని అతడు వ్రాసికొన్నాడు. 1937లో అతడు ప్రకటించిన గ్రంథముతో అరోమాథెరపీ అను మాట వ్యాప్తిలోనికి వచ్చినది. దానిని సీసానుండి చర్మము మీదికి, అనగా మర్దనము లోనికి, దింపినది వియన్నాలో పుట్టిన మార్గరీత్ మోరీ. ఇంగ్లండులో అప్పటికి మందబుద్ధులను ఊరి వెలుపలి పెద్ద పెద్ద ఆసుపత్రులలో జీవితాంతము ఉంచుచుండిరి. వందలాది మంచములు వరుసగా గల ఆ వార్డులలో చేయి యనగా దుస్తులు మార్చు చేయి, అన్నము పెట్టు చేయి, అదిమిపట్టు చేయి. 1980ల నాటికి అవి ఒక్కొక్కటిగా మూతపడుచుండగా, వెలుపలికి వచ్చినవారితో మాటల ప్రమేయము లేకుండ ఏ విధముగా సంభాషింపవలెనన్న ప్రశ్న నుండి పుట్టినదే హెలెన్ శాండర్సన్, జేన్ హారిసన్‌లు షర్లీ ప్రైస్ తోడ్పాటుతో 1991లో వెలువరించిన ఆ పుస్తకము.

ఆ పద్ధతికి వెన్నెముకయైన మెట్లవరుస మాత్రము కెనడా నుండి వచ్చినది. చూపును వినికిడియు రెండును లేని పిల్లలకు చదువు చెప్పిన మెకిన్నిస్, ట్రెఫ్రీ అనువారు 1982లో ఒక క్రమమును వివరించిరి. క్రొత్త అనుభవమును బిడ్డ మొదట ఎదిరించును, పిమ్మట సహించును, ఊరక లోబడును, ఆనందించును, తానును కలిసివచ్చును, ముందుండి నడిపించును, అనుకరించును, చిట్టచివర తానే మొదలుపెట్టును. ఎనిమిది మెట్లు. మర్దనము చేయువాని పని నొప్పి తీయుట కాదు, ఎదుటివాడు ఏ మెట్టున నున్నాడో కనిపెట్టుట. ప్రతిమారును అదే చోట, అదే తైలము, అదే వాసన ముందుగా; అతడు ముఖము త్రిప్పుకొన్నచో ఆనాటికి అంతే. అరుగు మీద నేను చూచిన చిన్నోడు ఏడవ మెట్టున ఉన్నాడు: తల్లి ఎడమచేతికి నూనె రాచినంతనే అతడు తన కుడిచేతితో తన మోకాలిని అదే గుండ్రని చలనముతో రుద్దుకొనుచున్నాడు. “చెయ్యి చాపు నాన్నా” అని ఆమె అనకముందే రెండవ అరచేయి చాచి, దొప్ప చేసి, నూనె పోయుమన్నట్లు చూచినాడు. బహుశః అది ఎనిమిదవదియే కావచ్చును. నేను శిక్షితుడను కాను.

ఇంతమాత్రముచేత లావెండరు బుద్ధిని పెంచుననియో వంటాముదము మాటలు నేర్పుననియో ఎవరైన అన్నచో నమ్మవలదు. 1997లో లిండ్సే మొదలగువారు తీవ్రమైన బుద్ధిమాంద్యము గల ఎనిమిదిమందిపై నాలుగు విధముల ఉపచారములను పోల్చిచూచిరి. డచ్చివారు కనిపెట్టిన వెలుతురుల, వాసనల, శబ్దముల గదియైన స్నూజెలెనును, విశ్రాంతి సాధనయు ఏకాగ్రతకు తోడ్పడినవనియు, చేతిమర్దనము సుగంధతైలముతో కలిసి చేసినను ఫలింపకపోగా ఒకింత వ్యతిరేకఫలమునిచ్చినదనియు వారు తేల్చిరి. ఎనిమిదిమందితో లోకమును తేల్చలేము, నిజమే; కాని మర్దనమును ఇష్టపడనివారు ఉందురనుట తేలినది. ఇచ్చటనే ఒక హెచ్చరికయు చెప్పవలసియున్నది. బుద్ధిమాంద్యముతో పాటు మూర్ఛలు గలవారు పెక్కురు. కర్పూరము మూర్ఛను రేపగలదు. యూకలిప్టసు, రోజ్‌మెరీ తైలములను గూర్చియు ఆ విద్య నేర్పువారు జాగ్రత్త చెప్పుదురు. కుమారగిరి వసంతోత్సవములను సురభిళము చేసిన వస్తువే ఈ పెరటిలో విషము కాగలదు. పెసరపిండిలో పచ్చకర్పూరము కలుపు ఇండ్లవారు ఈ మాటను గమనింపవలెను.

తెలుగుదేశమున ఈ పిల్లలకొరకు సంస్థలు ఆలస్యముగానే పుట్టినవి. హైదరాబాదులో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికిందరాబాదు మనోవికాసనగరములో కేంద్రప్రభుత్వపు జాతీయ సంస్థ. కాకినాడలో ఉమా మనోవికాస కేంద్రము. ఇప్పుడు మండలస్థాయిలో పాఠశాలలకు అనుబంధముగా భవిత కేంద్రములున్నవి. అచ్చట ఫిజియోథెరపీ చేయువారు వచ్చి బిగుసుకొనిన కీళ్లను సడలించి, ఆ వ్యాయామమును తల్లులకు నేర్పిపోవుదురు. చిన్నోని కాలమున అవి లేవు. ఉన్నచో అతనికి మరి నాలుగు మాటలు వచ్చియుండెడివేమో. అతని తల్లి తన తల్లి కాళ్లమీద పసిబిడ్డగా తాను పొందినదానిని, బిడ్డడు ఎదిగినను ఆపకుండుట అనెడి ఒక్క ధిక్కారముతో, నలువది యేండ్లు సాగించినది. వయసు వచ్చినవానికి తల్లి తలంటు పోయుటేమని ఇరుగుపొరుగు ముక్కున వేలు వేసికొన్న రోజులుండెనట. శనివారములు మాత్రము ఆగలేదు.

ఈ యేడు సంక్రాంతికి మరల ఆ యింటికి పోయితిని. మోకాళ్లనొప్పులచేత ఆమె పీట మీద కూర్చుండలేక కుర్చీలో ఉన్నది. పెద్దకుమారుని కొడుకు, పదవతరగతి చదువువాడు, పని అందుకొన్నాడు. గిన్నెలో కొబ్బరినూనె పోసి, వెచ్చజేసి, నాయనమ్మ నేర్పిన ప్రకారము ముందు వాసన చూపించినాడు.

“బాబాయ్, పొయ్యనా?”

చిన్నోడు గిన్నెలోనికి చూచి, ముక్కు ముడిచి, ముఖము గోడవైపు త్రిప్పుకొన్నాడు. పిల్లవాడు నాయనమ్మ వైపు చూచినాడు.

“మిల్లు నూనెరా అది,” అన్నది ఆమె కుర్చీలోనుండి. “వాడికి వంటాముదం కావాలి. పక్కింటి పిన్నిగారిని అడిగి గిన్నెడు పట్రా. పరిగెత్తమాక, ఒలికిపోద్ది.”

పిల్లవాడు వెళ్లినాడు. చిన్నోడు పీట మీదనే కూర్చుండి, అరచేతిని దొప్పచేసి, దడి వైపు చూచుచు ఉండిపోయినాడు.